నుయ్యి ఉన్నవాడి ఓటు

మా బాబాయి పోయాడన్న కబురు ఒక్క మాటలో వచ్చింది. కువైట్ మిర్కాబ్ పేటలో మా ఆఫీసుకి ఆసుపత్రి నుంచి ఒక ఈజిప్టు గుమాస్తా ఫోను చేసి, వంటమనిషి జేబులో దొరికిన కాగితం మీద ఈ నంబరుందని చెప్పి, "ఖలాస్" అన్నాడు. గ్యాసు బండ అయిపోయినా, కొట్లో రొట్టెలు అయిపోయినా, మనిషి అయిపోయినా ఈ దేశంలో మాట అదే. నేనూ తొట్రుపడలేదు. అలవాటు కొద్దీ "షుక్రన్" అన్నాను. చావు కబురు చెప్పినవాడికి కృతజ్ఞతలు తెలిపి ఫోను పెట్టేసిన మర్యాదస్తుణ్ణి ఇక్కడి మన తెలుగు సంఘంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సంఘం వార్షిక పుస్తకానికి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని పెద్దలు నన్నే అడిగారు. "ఆయనకి అందరికన్నా దగ్గరివాడివి నువ్వే కదా" అన్నారు. నిజమే. గోతిలోకి తోయాలంటే దగ్గరగానే ఉండాలి. దూరం నుంచి చెయ్యి అందదు.

మా ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆయనది అమలాపురం అవతల కాలవగట్టు మీది ఊరు. నాది కాకినాడ, బీకాం, టైపు హయ్యర్. గోదావరి వాళ్ళిద్దరు కువైట్‌లో ఒకే గదిలో పడితే పెద్దవాడు బాబాయి, చిన్నవాడు అబ్బాయి అయిపోతారు. దానికి పంచాంగం చూడక్కర్లేదు. రిగ్గైలో మా గదిలో మూడో మనిషి కడప జిల్లావాడు, నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ట్యాంకరన్న అనేవాళ్ళం. ముగ్గురికీ పని ఒకే చోట. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే కర్మాగారం కట్టడానికి కెనడా నుంచి ఇంజనీర్లు దిగారు. ఊరికి దక్షిణాన ఇసకలో వాళ్ళ క్యాంపు. మెస్సులో బాబాయి వంట, ఆఫీసులో నా టైపు, బయట ట్యాంకరన్న నీళ్ళు. ఇప్పటి మిర్కాబ్ ఆఫీసుకి నేను తర్వాత మారాను.

వంట గురించి ఎక్కువ చెప్పను. తినని వాళ్ళకి చెప్పినా తెలీదు, తిన్నవాళ్ళు ఇంకా దిగులు పడుతూనే ఉన్నారు. ఉప్పు సరిపోయిందా అని ఆయన ఎవర్నీ అడిగేవాడు కాదు. తలకి తువ్వాలు చుట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడి, తినేవాళ్ళ భుజాలు చూసేవాడు. "నాలిక అబద్ధం ఆడుద్దిరా అబ్బాయ్, భుజాలాడవు. రుచిగా ఉంటే కిందకి దిగుతాయి. లేపోతే చెవుల దాకా లేస్తాయి." నేను ఉద్యోగంలో చేరిన రోజు నా భుజాలు చూసి, "నీకు ఇల్లు గుర్తొచ్చింది, పెరుగేసుకో" అని తన వాటా పెరుగు నా కంచంలో వంచేశాడు. ఆ పెరుగు నేను మర్చిపోలేదు. నేను మర్చిపోనందువల్ల ఆయనకి ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

పెరుగుకి బదులుగా నేనాయనకి వేళాకోళాలు వడ్డించాను. ఇఖామా అనే నివాస అనుమతి మళ్ళీ రాయించుకునేటప్పుడు వంటవాడికి మీసం ఉంటే ఆరోగ్యశాఖ వాళ్ళు ఒప్పుకోరని ఫారంలో చదివినట్టు చెప్పాను. మర్నాడు పొద్దున్నకి మీసం లేదు. రెండు నెలలు ఆ మొహం ఒలిచిన తేగలా ఉంది. తెలిశాక కూడా ఆయన నవ్వాడు. "పోన్లే, పులుసు రుచి చూసినప్పుడల్లా తడిసేది" అన్నాడు. ఇలా నవ్వేసేవాళ్ళు దొరికితే నాలాంటివాడికి పండగ. బల్లిని కొడితే తోకైనా తెగి గిలగిల్లాడుతుంది, ఈయన అదీ చెయ్యడు.

ఇక రాజకీయం. సంస్మరణలో రాజకీయం ఎందుకని పెద్దలు నొసలు చిట్లించవద్దు. ఆయన బతుకు దాని మీదే బోర్లాపడింది.

మెస్సులో రెండు పొడుగాటి బల్లలుండేవి. ఏసీ కింద బల్ల టొరంటో, మాంట్రియల్ లాంటి మహాపట్నాల వాళ్ళది. తలుపు దగ్గర బల్ల గోధుమ పొలాల వైపు నుంచి వచ్చినవాళ్ళది. ఎవరూ కేటాయించలేదు; మన పెళ్ళిళ్ళలో పంక్తుల్లా వాటంతట అవే ఏర్పడ్డాయి. కెనడాలో పెద్ద పార్టీలు రెండు. ఒకటి ఎరుపు రంగుది, ఒకటి నీలం రంగుది. అసలు పేర్లు నోరు తిరక్క బాబాయి రంగులతోనే పిలిచేవాడు, నేనూ అదే పాటిస్తాను. నేను చేరిన ఏడు అక్కడ ఎన్నికలొచ్చాయి. ఏసీ బల్ల దాదాపు అంతా ఎరుపు, తలుపు బల్ల అంతా నీలం. నీలం ఎలాగో గట్టెక్కింది గాని మహాపట్నాలు మాత్రం ఎరుపుని వదల్లేదు. ఎందుకు వదల్లేదని ఇంజనీర్లు మూడు పూటలా తగువులాడుకున్నారు. చదువుకున్నవాళ్ళకి తేలనిదాన్ని మా బాబాయి ఒక శుక్రవారం రిగ్గై గదిలో వంకాయలు తరుగుతూ తేల్చేశాడు.

"పట్నంవోడికి ఎరుపెందుకో చెప్పమంటావా?"

"చెప్పు బాబాయ్, టైపు కొట్టి కెనడా పంపిద్దాం" అన్నాను.

"పట్నంవోడు పొద్దున్న లేచి కుళాయి తిప్పుతాడు. ఆ కుళాయి ఆడిది కాదు. బస్సెక్కుతాడు. అదీ ఆడిది కాదు. పైవాటావోడు తానం చేస్తే ఆ నీళ్ళు ఈడి నెత్తి మీద కారతాయి. అప్పుడేం చేస్తాడు? సర్కారుని పిలుస్తాడు. పొద్దు లేస్తే సర్కారుతోనే పని. అందుకని ‘అన్నీ నేను చూసుకుంటా’ అనే పార్టీకి ఏస్తాడు."

"పల్లెటూరివాడో?"

"ఆడికి సొంత నుయ్యుంది. నుయ్యున్నోడు సర్కారుని పిలవడు. పిలిస్తే వచ్చి నూతిలో చెయ్యి పెడుద్దేమోనని బయ్యం. అందుకని ‘నీ జోలికి రాం’ అనేవోళ్ళకి ఏస్తాడు. అంతే గదా!"

ట్యాంకరన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "అట్లయితే పెద్దాయనా, ట్యాంకరు తోలేటోడు యా పార్టీ?"

"నీళ్ళు పోసేవోడికి ఓటెక్కడుందిరా? తాగేవోడికే ఉంటాది" అని, వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంకోటుంది. కొత్తగా దేశంలోకొచ్చినోడు ముందు దిగేది పట్నంలోనే. పల్లెలో కొత్తమొహం కనపడితే కుక్కలు మొరుగుతాయి. పట్నంలో కుక్కక్కూడా తీరికుండదు. దిగినోడికి మొదట తలుపు ఎవడు తీసేడో, ఆడి పార్టీకే జన్మంతా ఏస్తాడు."

మర్నాడు ఇదే మాట తన వంటింటి ఇంగ్లీషులో ఏసీ బల్ల దగ్గర చెప్పాడు. టొరంటో ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు. ఆయన చెంచా కింద పెట్టి, "మా ప్రొఫెసర్లు లావుపాటి పుస్తకంలో చెప్పలేనిది నువ్వు గిన్నె కడుగుతూ చెప్పావు" అని బాబాయి చెయ్యి ఊపాడు. ఆ ఊపుతో బాబాయికి తన సిద్ధాంతం వేదమైపోయింది. పటం కావాలన్నాడు. ఆఫీసుకొచ్చే కెనడా వారపత్రికలో, నేను పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివిన వ్యాసం వెనకవైపు ఒక దేశపటం ఉంటే, ఆ పేజీ చింపి ఇచ్చాను. బాబాయి పంచదార పాకంలో మిఠాయి రంగు కలిపి పట్నాలకి ఎరుపు పూశాడు. బట్టలకి పెట్టే నీలిమందుతో మిగతా దేశమంతా తడిపాడు. ఎవరి ఊరు ఎవరు చెబితే వాళ్ళ గుర్తు పక్కన రాశాడు. "పొడుగాయన చెప్పేడు." "గెడ్డపాయన చెప్పేడు." సాక్ష్యం లేనిదే రంగు వెయ్యకూడదట. ఆ పటాన్ని ట్రంకుపెట్టె మూతకి లోపలివైపు గుండుసూదులతో గుచ్చుకున్నాడు, మిగతావాళ్ళు దేవుడి పటం పెట్టుకునే చోట.

కెనడా జెండా మీద ఆకు చూసి గోంగూరే అని ఆయన చివరిదాకా వాదించాడు. ఎర్ర గోంగూరట. జెండా మీద గోంగూర పెట్టుకున్నవాళ్ళు మనల్ని పస్తు పెట్టరని ఆయన నమ్మకం.

ఇంత పిచ్చి ఎందుకని నేనూ అడిగాను. ఆయన చెప్పింది ఇదీ. ఊళ్ళో ఉన్నప్పుడు మూడుసార్లు ఓటెయ్యడానికి వెళ్ళాడు. మూడుసార్లూ పోలింగు గుమాస్తా కాగితం మీద వేలు పెట్టి, "మీది పడిపోయిందండి" అన్నాడు. మూడోసారి ఈయన కొంచెం గట్టిగా అడిగితే, "ఎవరేసేరో గాని మంచోడికే ఏసుంటార్లెండి" అని ఓదార్చి పంపేశాడు. తర్వాత కువైట్ వచ్చాడు. ఇక్కడ మనకి ఓటనే బెడద లేదు.

"నాకు రెండే కోరికల్రా అబ్బాయ్" అనేవాడు, మెస్సు వంటింట్లో చొక్కా పిండితే గ్లాసుడు నీళ్ళొచ్చే ఎండాకాలంలో. "పొయ్యి దగ్గర నిలబడితే హాయిగా ఉండే దేశంలో వండాలి. నా ఓటు నేనే ఏసుకోవాలి."

"ఏ పార్టీకి వేస్తావు బాబాయ్?"

"ఆయ్! ఓటు చెప్తారేంటి? రహస్యం."

ఆ రెండు కోరికలూ ఒక్క సంతకం దూరానికి వచ్చాయి. చలికాలం మొదట్లో క్యాంపుకి కొత్త మేనేజరు దిగాడు. కాల్గరీ అనే ఊరివాడు. భోజనం తన గదికే తెప్పించుకునేవాడు, ఏ బల్ల దగ్గరా కూర్చునేవాడు కాదు, తనది ఏ పార్టీయో పెదవి విప్పేవాడు కాదు. బాబాయి కోడిపలావుతో నెల తిరక్కుండా ఆయన భుజాలు కిందకి దిగాయి. తన బావమరిదికి కాల్గరీలో హోటలుందనీ, మంచి వంటవాడు దొరక్క అల్లాడుతున్నాడనీ, తాను ఉత్తరం రాసిస్తే వీసా పని సులువవుతుందనీ ఆయనే అన్నాడు. ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. ఇంత నిజాయితీపరుడైన వంటవాణ్ణి నా సర్వీసులో చూడలేదు అని మొదలవుతుంది. మేనేజరు బల్ల మీద పెట్టాను. సంతకం ఒక్కటే తరువాయి. కాని ఆ వారం ఆయనకి వేరే చింత ఉంది. నీలం ప్రభుత్వం ఏడాది నిండకుండానే పడిపోయి, కెనడాలో మళ్ళీ ఎన్నికలు. "అవి కానీ, తర్వాత చూద్దాం" అన్నాడు.

బాబాయికి అది మన వైపు వ్యవహారంలానే అర్థమైంది. మన ఊళ్ళలో ఎన్నికల ఫలితం రాగానే గెలిచిన పార్టీ పెద్దమనిషి మెడలో మొదటి దండ ఎవడు వేస్తే వాడికే చౌకడిపో. రెండో దండ వేసినవాడికి టీ ఇస్తారు. సంతకం ఊరికే రాదు, సమయానికి దండ పడాలి. దండ పడాలంటే ఆయన ఏ పార్టీవాడో తెలియాలి. అడిగితే మర్యాద కాదు. ఊరు తెలిస్తే చాలు, సిద్ధాంతం ఉండనే ఉంది.

"అబ్బాయ్, నువ్వు అన్నీ చదువుతావు గదా. ఆ కాల్గరీ పల్లెటూరా, పట్నమా?"

ఇక్కడ నేను కొంచెం గొంతు సవరించుకోవాలి. కాల్గరీ పట్నమే. కాని ఆ పట్నం చుట్టూ భూమి కింద చమురుంది. ఆ చమురుకి ధర కట్టేది మేమా, రాజధానిలో కూర్చున్న మీరా అని వాళ్ళకి ఎరుపు పార్టీతో పెద్ద వైరం. ఆ ఊళ్ళో ఎరుపు పేరెత్తితే మంచినీళ్ళు పుట్టవు. ఇదంతా నాకు తెలుసు. నేను పెన్సిలు గీతలు పెట్టుకుని చదివింది సరిగ్గా ఈ సంగతే.

"పట్నమే బాబాయ్. ఇరవై అంతస్తుల మేడలు" అన్నాను.

"కుళాయిలేనా?"

"ఇంటింటికీ కుళాయే."

"బస్సులు?"

"బోలెడు."

"మరింకేం!" అని ట్రంకుపెట్టె తెరిచి కాల్గరీకి ఎరుపు పూశాడు.

నా మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదని గమనించగలరు. అదే నా ప్రజ్ఞ. బాబాయి వెళ్ళి మేనేజరుతో ఏదో ఒక మాట అంటాడు, మేనేజరు మొహం చిట్లిస్తాడు, శుక్రవారం గదిలో చెప్పుకుని నవ్వుకోవచ్చు. నేను వేసుకున్న లెక్క అంతవరకే. పైగా ఆయన చెప్పబోయే ఇంగ్లీషు మాటలు కూడా నేనే దిద్దిపెట్టాను.

ఎరుపు గెలిచిందని రేడియోలో పొద్దున్నే వచ్చింది. పశ్చిమాన కాల్గరీ వైపు మాత్రం ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదని కూడా వచ్చింది, కాని అప్పటికే బాబాయి వంటింట్లో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి పళ్ళెమంత కేకు తయారవుతోంది. నిలువునా ఎరుపు. మధ్యలో తెల్లటి క్రీముతో గోంగూరాకు. ట్యాంకరన్న నీళ్ళగొట్టం చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పెద్దాయనా, ఆ దొర యా పార్టీనో అడిగినావా?"

"అడుగుతారేంట్రా మోటోడా? ఊరు తెలిస్తే పార్టీ తెలిసినట్టే. కావాలంటే అబ్బాయిని అడుగు."

ట్యాంకరన్న నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, నిజమేనా?"

నాకు జోడు తాడు వదులైంది. వంగి కట్టుకున్నాను. అప్పుడు ఒక్క మాట చాలు. వంగిన నాకు లేవడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం ఫలితాలు మాట్లాడుకోవడానికి అందరూ మెస్సులో చేరారు, ఆ రోజు మేనేజరు కూడా వచ్చాడు. తలుపు బల్ల దగ్గర, నీలం వాళ్ళ మధ్య, తల వంచుకుని కూర్చున్నాడు. అది చూసైనా బాబాయికి తట్టాలి. ఆయనకి కేకు తప్ప ఏమీ కనపడలేదు. రెండు చేతులతో పట్టుకొచ్చి మేనేజరు ముందు పెట్టి, తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, నేను దిద్దిన వాక్యం తప్పు పోకుండా చెప్పాడు.

"సార్! కంగ్రాచులేషన్స్! అవర్ పార్టీ విన్! బిగ్ సిటీ పీపుల్, వెరీ వైజ్ పీపుల్!"

తలుపు బల్ల అంతా చల్లబడిపోయింది. ఏసీ బల్ల పగలబడి నవ్వింది. ఒకడు చెంచాతో గ్లాసు మీద దరువేశాడు. పొడుగాయన నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు గాని ఆయన వీపు కూడా కదులుతోంది. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. నిజం చెప్పాలి కదా, నవ్వాను. మొదట నవ్వింది నేనే కావచ్చు.

మేనేజరు భుజాలు చెవుల దాకా లేచాయి. బాబాయి ఆ భుజాలు చూశాడు. చూసి, ఏం చెయ్యాలో తోచక, ఆయనకి తెలిసిన ఒకే పని చేశాడు. కేకు కోసి, ఆకు ఉన్న ముక్క పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపాడు. మేనేజరు ఆ ముక్క పొడి కూడా మిగలకుండా తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. "థాంక్యూ" అన్నాడు. లేచి ఆఫీసుకొచ్చి, బల్ల మీదున్న ఉత్తరం తీసుకుని, వెనక్కి తిప్పి, ఆ తెల్లవైపున రెండు లైన్లు గీకి నాకిచ్చాడు, టైపు చెయ్యమని. ఈ వంటవాడి కాంట్రాక్టు గడువు తర్వాత పొడిగించనక్కర్లేదు. ఒకే కాగితం. ముందు వైపు నిజాయితీపరుడు, వెనక వైపు అక్కర్లేనివాడు. నేను ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. హయ్యర్, ఫస్టు క్లాసు.

ఆ శుక్రవారం గదిలో ముగ్గురం కంచాల ముందు కూర్చున్నాం. ఆయనే అన్నాడు, మాకు ధైర్యం చెబుతున్నట్టు.

"నా లెక్క తప్పలేదురా. ఆ ఊరి కింద చమురుందంట. సొంత నుయ్యి! నుయ్యున్నోడు నీలమే గదా, నేను చెప్పిందే గదా! ఊరు చూసేను గాని ఊరికింద చూళ్ళేదు." తర్వాత నా వీపు నిమిరాడు. "నీకూ తెలీదు పాపం."

ట్యాంకరన్న అన్నం ముద్ద కంచంలోనే వదిలేసి నన్ను చూశాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. 

కాంట్రాక్టు అయ్యాక బాబాయికి దొరికింది ఒక అరబ్బు ఇల్లు. కఫీల్, అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, మంచివాడే, మామా అని పిలిచే ఇంటావిడ కూడా చెడ్డది కాదు. అయితే ఆ ఇంట్లో వంటిల్లు పెరటివైపు విడిగా ఉంటుంది. వండిన పళ్ళేలు పనిమనిషి పట్టుకుపోతుంది, ఖాళీవి తిరిగొస్తాయి. నాలుగేళ్ళు ఆయన ఒక్కరి భుజాలు కూడా చూడకుండా వండాడు. "రుచి కుదిరిందో లేదో తెలవట్లేదురా. నూతిలో రాయేసి చప్పుడు కోసం చూసినట్టుంది" అన్నాడొకసారి. ఆ పెరటి వంటింటికి కిటికీ లేదు. చలి దేశం గురించి మాట్లాడటం మానేశాడు. శుక్రవారాలు మాత్రం మా గదికి వచ్చేవాడు. కొత్తవాడెవడైనా కనిపిస్తే కేకు కథ చెప్పించేవాళ్ళం. ఆయన తువ్వాలు చంకలో పెట్టుకుని మొత్తం నటించి చూపించేవాడు. కథ చివర ప్రతిసారీ నా వీపు మీద చెయ్యేసి, "నీకూ తెలీదు పాపం" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. వీపు మీద ఆ చెయ్యి తీసేదాకా నవ్వేవాణ్ణి.

మొన్నటి ఎండాకాలం చివర్లో ఆ పొయ్యి ముందే కూలబడ్డాడు. పనిమనిషి చూసి కేకలు పెట్టేసరికి పులుసు మాడిపోయింది. ఆయన చేతిలో మాడిన పులుసు అదొక్కటే.

శవాన్ని పంపించడానికి మూడు వారాలు పట్టింది. ఈ దేశంలో చచ్చినవాడు కూడా ఇఖామా రద్దు చేయించుకోకుండా బయల్దేరకూడదు. ఆయన బదులు నేను కిటికీ కిటికీకి తిరిగి, రద్దు కోరుతున్న వ్యక్తి ఎక్కడ అని అడిగిన ప్రతివాడికీ, "లోపల చల్లగా ఉన్నాడు" అని చెప్పాను. చివరికి బాబాయికి చల్లటి చోటు దొరికింది కదా.

ఆయన పోయిన ఐదో రోజున కెనడాలో ఎన్నికల ఫలితాలొచ్చాయి. దేశమంతా నీలం ఊడ్చేసింది. టొరంటో కూడా చాలామటుకు నీలమే. కుళాయిలు అవే, బస్సులు అవే, పైవాటా నీళ్ళు అవే, మనుషులు మాత్రం విసిగిపోయారట. బాబాయి కన్నా బాబాయి సిద్ధాంతం ఐదు రోజులే ఎక్కువ బతికింది. ఆయన ఉంటే దీనికీ ఏదో కూర తరుగుతూ కారణం చెప్పేవాడు. ఆయన సొంత ఓటుకి మాత్రం బెంగ లేదు. ఊళ్ళో జాబితాలో పేరు అలాగే ఉంది. వచ్చే ఎన్నికల్లో అది తప్పకుండా పడుతుంది. పోయినవాళ్ళ ఓట్లు మా వైపు ఎన్నడూ వృథా కాలేదు.

పెట్టె సర్దింది నేనూ ట్యాంకరన్నా. రెండు లుంగీలు, ఒక అట్లకాడ, రాయిలా గట్టిపడ్డ మిఠాయి రంగు సీసా. మూత లోపల పటం. సూదులు తీసి పేజీ వెనక్కి తిప్పాను. వెనక వ్యాసం. కాల్గరీ, చమురు, నీలం, ఆ మూడు లైన్ల కింద నా పెన్సిలు గీతలు. వాటి పక్కన ఆయన వంకర తెలుగు అక్షరాలు:

"పొడుగాయన చదివి చెప్పేడు. కేకు రోజు సాయంత్రం. గీతలు అబ్బాయివి."

కేకు రోజు సాయంత్రం. అంటే ఆ శుక్రవారానికి ముందే. అంటే నాలుగేళ్ళలో ప్రతి "నీకూ తెలీదు పాపం" తెలిసే అన్నాడు. అది నన్ను కాపాడటమో, వారం వారం తగలేసిన చెంపదెబ్బో నాకు తేలలేదు. వేళాకోళంలో నన్ను మించినవాడు లేడనుకున్నాను. నా మాటకి మీసం తీసేసుకున్న పెద్దమనిషి ఒకడు నాలుగేళ్ళు నా వీపు నిమురుతూ ఒకే హాస్యం ఆడాడు, ఒక్కసారి కూడా గుట్టు బయటపడనివ్వలేదు.

పటం ముందువైపు తిప్పితే ఇంకో సంగతి కనిపించింది. ఎన్నిక తర్వాత ఆయన అన్ని ఊళ్ళూ సరిదిద్దాడు. మారినవాటి మీద కొత్త రంగు వేసి, కొత్త సాక్షి గుర్తు రాశాడు. కాల్గరీ ఒక్కటే దిద్దలేదు. నీలం నడిబొడ్డున ఎర్రగా అలాగే ఉంది, పక్కన "అబ్బాయి చెప్పేడు" అని. పైగా ఏటేటా ఆ ఎరుపు మీదే మళ్ళీ మళ్ళీ పాకం పూసినట్టున్నాడు, చేత్తో తడిమితే బొడిపెలా తగులుతోంది.

పెట్టె ఊరికి వెళ్ళింది. పటం నేను దొంగిలించాను. రిగ్గై గదిలో నా మంచం పక్క గోడకి ఉంది. ఎండకి నీలిమందు వెలిసిపోయి దేశమంతా పాలిపోయింది, ఎరుపు మాత్రం చెక్కు చెదరలేదు. మొన్న పొద్దున్న ట్యాంకరన్న పళ్ళు తోముకుంటూ గోడ దగ్గర ఆగిపోయాడు.

"ఏమబ్బా, ఈ చీమలు యాడికి పోతాండాయి?"

లేచి చూశాను. కిటికీలోంచి సన్నటి వరస దిగి, గోడ మీదుగా పటం ఎక్కి, టొరంటో పక్కనుంచి, గోధుమ పొలాలన్నీ దాటుకుంటూ వెళ్తోంది.

"కాల్గరీకి" అన్నాను.

తరిమెయ్యలేదు. అక్కడికి చేరిన ప్రతి చీమా ఆ ఎర్ర బొడిపె మీద తల ఆనించి, కొంచెంసేపు కదలకుండా ఉంటోంది. చీమలకి భుజాలుంటాయో లేదో నాకు తెలీదు. చాలాసేపు చూశాను.